పెన్సిల్‌తో రాసిన పద్దు

మా ఆఫీసులో దాతల పుస్తకం ఒకటుంది. నీలం అట్ట, ఎర్ర గుడ్డ వీపు ఉన్న పాతకాలపు లెడ్జరు. నెలనెలా రెండొందలో, ఐదొందలో ఇచ్చేవాళ్ళ పేర్లు వరసగా ఉంటాయి. ఎవరైనా పోతే ఆ పేరు ఎదురుగా ఎర్ర సిరాతో తేదీ వేసి కింద గీత గీస్తాను. పేరు మీద మాత్రం కొట్టివేత పెట్టను, చెయ్యి రాదు. 2021 చివర్లో లెక్కలు చూసుకుంటుంటే ఒకే పేజీలో ఐదు ఎర్ర గీతలు కనిపించాయి. వాటిల్లో రెండు కరోనా రెండో విడతలో పోయినవాళ్ళవి. ఆ ఐదుగురూ పదేళ్ళుగా ఒక్క నెల తప్పకుండా పంపినవాళ్ళే. వాళ్ళతోపాటే ఆ డబ్బూ ఆగిపోయింది. పిలకాయలు చెన్నైలోనో బెంగళూరులోనో ఉంటారు, అమ్మ మాకు డబ్బు పంపేదన్న సంగతి కూడా చాలామందికి తెలియదు.

మేము చేసే పని చిన్నది. కావలి, బోగోలు, జలదంకి, అల్లూరు మండలాల్లో మంచాన పడ్డ ముసలివాళ్ళ ఇళ్ళకి మా నర్సులు వెళ్తారు. వీపు మీద పుండ్లు కడిగి కట్టు కడతారు, మూత్రం గొట్టం మారుస్తారు, రెండు గంటలకోసారి పక్కకి ఎలా తిప్పాలో ఇంట్లోవాళ్ళకి నేర్పుతారు. ఇద్దరు నర్సులు, రెండు స్కూటర్లు, అద్దె గది, లెక్కలకి నేను. ఎవరి దగ్గరా ఫీజు తీసుకోము. ఇలాంటి పనికి కంపెనీలు డబ్బివ్వడానికి ఇష్టపడవు. ఫోటోలో చూపించేటందుకు ఏముంటుంది? బాగుపడి లేచి నడిచేవాళ్ళు తక్కువ. నొప్పి లేకుండా, వాసన లేకుండా, శుభ్రమైన పక్క మీద పోవడం కూడా ఒక భాగ్యమని, అది చూసినవాళ్ళకే తెలుస్తుంది. అందుకే మా దాతలందరూ అమ్మనో నాన్ననో అలా చూసుకున్నవాళ్ళే, వాళ్ళూ ఇప్పుడు అరవై డెబ్భై దాటినవాళ్ళే.

పోయిన తర్వాత కూడా వాళ్ళ సాయం అందేలా ఏదైనా చెయ్యొచ్చా అని కార్యవర్గంలో మొదట అడిగింది మా కోశాధికారి గారు. బ్యాంకులో పనిచేసి రిటైరైన మనిషి. విల్లులో సంస్థకి కొంత రాయమని అడగడం, బతికుండగానే శాశ్వత నిధికి ఇప్పించుకోవడం, పెద్ద నగరాల్లో సంస్థలు ఇవన్నీ చేస్తున్నాయి, మనమెందుకు చెయ్యకూడదన్నారు. గదంతా నిశ్శబ్దం. ఒక పెద్దాయన మాత్రం, "మనం చూసేది పోయేవాళ్ళని. వాళ్ళ దగ్గరే ఆస్తుల మాటెత్తితే ఊళ్ళో మన మొహం ఎవరైనా చూస్తారా?" అన్నారు. ఆ రోజు తీర్మానం చెయ్యలేదు. ఆయన మాటే ఆ తర్వాత మా పథకానికి పునాది అయింది.

నేను నెల్లూరు వెళ్ళి మా దూరపు బంధువైన ఒక ప్లీడరు గారిని కలిశాను. రెండు గంటలు కూర్చోబెట్టి చెప్పారు. విల్లు తెల్ల కాగితం మీద రాసినా చెల్లుతుంది, స్టాంపు పత్రం అక్కర్లేదు. రాసినవాళ్ళు సంతకమో వేలిముద్రో వేయాలి, అది చూసిన ఇద్దరు సాక్షులు సంతకం చెయ్యాలి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, కానీ చేయిస్తే రేపు తగాదా వచ్చినప్పుడు బలం ఉంటుంది. దస్తావేజులకి ఉన్నట్టు నాలుగు నెలల గడువు విల్లుకి లేదు, ఎప్పుడైనా రిజిస్టర్ చేయించుకోవచ్చు. ఎవరికీ తెలియకూడదనుకుంటే సీలు వేసిన కవరులో పెట్టి జిల్లా రిజిస్ట్రార్ దగ్గర దాచుకోవచ్చు. సాక్షులు రాసినవాళ్ళ కంటే వయసులో చిన్నవాళ్ళయితే మంచిది, కోర్టుకెక్కితే వాళ్ళలో ఒక్కరైనా వచ్చి చెప్పాల్సి ఉంటుంది కదా. ముస్లిం దాతలైతే అప్పులూ అంత్యక్రియల ఖర్చులూ పోగా మిగిలినదాంట్లో మూడో వంతు వరకే వారసుల ఒప్పుదల లేకుండా రాయగలరు. ఇవన్నీ నోట్ చేసుకున్నాను.

చివర్లో ఆయన చెప్పింది మాత్రం రాసుకోకుండానే గుర్తుండిపోయింది. "అమ్మా, విల్లు వల్ల లాభం పొందేవాళ్ళే దగ్గరుండి రాయించినట్టు కనబడితే కోర్టు దాన్ని అనుమానంగానే చూస్తుంది. మీ నర్సు రోజూ కట్టు కట్టే మనిషి మీ సంస్థకి ఇల్లు రాశాడనుకో, నీ మనసెంత మంచిదైనా ఎవరు నమ్ముతారు?"

ఆ ప్రశ్నకి జవాబు వెతకడానికే ఆరు నెలలు పట్టింది. చివరికి కార్యవర్గం ఒక కాగితం మీద సంతకాలు చేసింది. మేము వైద్యం చేస్తున్న మనిషి దగ్గరగానీ, ఆ ఇంట్లోవాళ్ళ దగ్గరగానీ ఆ సేవ నడుస్తున్నన్నాళ్ళూ విల్లు మాట ఎత్తకూడదు. వాళ్ళంతట వాళ్ళు అన్నా ఒప్పుకోకూడదు. మా ఉద్యోగులెవరూ సాక్షి సంతకం చెయ్యకూడదు. ప్లీడరు, దస్తావేజు లేఖరి ఎవరన్నది దాతే చూసుకోవాలి, మేము పేరు చెప్పకూడదు. విల్లు రాసే ముందు పిల్లలకో, పిల్లలు లేకపోతే దగ్గరి బంధువుకో చెప్పమని దాతని అడగాలి. ఈ ఆఖరిది చట్టంలో ఎక్కడా లేదు. అసలు చెప్పకపోవడం దాత హక్కు కూడా. కానీ మాకు ఊళ్ళో మొహం చూపించుకోవాలి. ఒక ఇంట్లో చావు జరిగిన పదకొండో రోజున మా పేరు పిడుగులా పడకూడదు.

ఇంకో నియమం ఇల్లూ వాకిలీ గురించి. బతికుండగా ఇల్లు దానపత్రం రాసి రిజిస్టర్ చేస్తామన్నా వద్దంటాము. దానపత్రం ఒకసారి రిజిస్టరైతే వెనక్కి తీసుకోవడం ఇంచుమించు కుదరదు. విల్లయితే ఊపిరి ఉన్నంతవరకూ ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, ఆఖరున రాసిందే చెల్లుతుంది. కొడుకు పేరున ఇల్లు రాసిచ్చి, ఆ ఇంటి అరుగు మీదే పడుకునే ముసలివాళ్ళని మా నర్సులు నెలకొకరినైనా చూస్తారు. తల్లిదండ్రుల పోషణకి 2007లో వచ్చిన చట్టం కింద, చూసుకుంటారన్న షరతు మీద రాసిచ్చిన ఆస్తిని చూసుకోనప్పుడు రద్దు చేయమని ట్రిబ్యునల్‌ని అడగొచ్చు. కానీ మంచాన పడ్డ మనిషి ఆ ఆఫీసు మెట్లెక్కేదెప్పుడు? కొడుకు దగ్గరైనా, సంస్థ దగ్గరైనా ఉన్నదంతా చేతుల్లోంచి వదులుకున్న ముసలి మనిషికి మాట చెల్లదు. మా వల్ల ఎవరికీ ఆ గతి పట్టకూడదు.

నియమాలు కాగితం మీద బాగానే ఉన్నాయి. మొదటి పరీక్ష మూడు నెలల్లోనే వచ్చింది. పక్షవాతంతో ఒక పక్క పడిపోయిన పెద్దాయనకి మా నర్సు ఏడాదిగా వెళ్తోంది. ఒకరోజు ఆయన ఆ పిల్ల చెయ్యి పట్టుకుని, "నా కొడుకు రెండేళ్ళయింది వచ్చి. ఈ ఇల్లు మీ ఆఫీసుకి రాస్తాను, పత్రాలు ఆ బీరువాలో ఉండాయి, తీసకపో" అన్నాడట. ఆ పిల్ల భయపడి నాకు ఫోన్ చేసింది. నేను వెళ్ళాను. కాదంటే బాధపడతాడని, సరేనంటే తప్పని, ఏం చెప్పాలో తెలియక కాసేపు ఊరికే కూర్చున్నాను. ఇంతలో ఎవరు చెప్పారో, కొడుకు బెంగళూరు నుంచి ఫోన్. "మా నాయన దగ్గర ఏం రాయించుకున్నారు మీరు? సేవ సేవ అని దీనికేనా తిరిగేది?" అని అరిచాడు. నా చేతులు వణికాయి. కార్యవర్గం సంతకాలు చేసిన కాగితం ఫోటో తీసి ఆయనకి పంపాను. మీ నాన్న గారి దగ్గర మేము ఒక్క రూపాయి కూడా తీసుకోమని, మీరొచ్చి ఆయన పక్కన కూర్చుంటే మాకంతే చాలని మెసేజ్ పెట్టాను. వారం తర్వాత రైలు దిగి వచ్చాడు. మూడు రోజులున్నాడు. ఆ పెద్దాయన మాకేమీ ఇవ్వలేదు, మేమూ అడగలేదు. ఆ కాగితం లేకపోతే ఆ రోజు మా సంస్థ మూతపడేదని ఇప్పటికీ నా నమ్మకం.

ఇక అడగడం. ఎవరిని అడగాలో తెలుసు: నీలం పుస్తకంలో ఉన్న పాత దాతల్ని. ఎలా అడగాలో తెలియదు. మొదట ఒక కరపత్రం వేయించాము. "మీ అనంతరం కూడా మీ సేవ కొనసాగాలంటే" అని పైన పెద్దక్షరాలు. రెండొందల కాపీలు పంచితే ఒక్కరూ మాట్లాడలేదు. ఒకావిడ మాత్రం, "ఏం మా, మమ్మల్ని అప్పుడే పంపించేస్తుండారే" అంది. ఆవిడ కళ్ళల్లో నొప్పి చూసి ఆ కరపత్రాలు తిరిగి బీరువాలో పెట్టేశాను. పన్ను మినహాయింపు గురించి చెబితే కదులుతారేమోనని అదీ చూశాం. అప్పటి ఆదాయపు పన్ను చట్టం 80జీ సెక్షను కింద ఇచ్చినదాంట్లో సగానికి మినహాయింపు, అదీ పాత పద్ధతిలో పన్ను కట్టేవాళ్ళకి, రెండు వేలకి మించి నగదుగా ఇస్తే అదీ లేదు. విల్లు ద్వారా వెళ్ళేదానికైతే దాతకి ఏ మినహాయింపూ ఉండదు. పోయినవాళ్ళ ఆస్తి మీద వేసే ఎస్టేట్ సుంకాన్ని మన దేశంలో 1985లోనే ఎత్తేశారు కాబట్టి తప్పించుకోవాల్సిన పన్నూ లేదు. ఇక్కడ ఎవరైనా విల్లులో సేవకి రాస్తే మనసుతోనే రాస్తారు.

దారి చూపించింది మా కోశాధికారి గారి భార్య. తిరుమలలో నిత్యాన్నదానానికి వాళ్ళ అత్తగారి పేరున డబ్బు కట్టిన సంగతి చెబుతూ, "అసలు కదలదు, వడ్డీతో భోజనాలు. మీరు కూడా అట్టా చెయ్యొచ్చు గదా" అంది. మనవాళ్ళకి ఈ లెక్క కొత్తదేం కాదు. 1985లో తిరుమలలో ఆ పథకం మొదలైనప్పటి నుంచి ఎన్ని ఇళ్ళ నుంచి డబ్బు వెళ్ళలేదు! మా జిల్లాలో అంతకు ముందు నుంచీ ఆ తీరు ఉంది. పల్లిపాడులో పెన్న ఒడ్డున 1921లో గాంధీ గారు ప్రారంభించిన ఆశ్రమానికి భూమి ఇచ్చింది పొణకా కనకమ్మ గారు. ఇచ్చినవాళ్ళు పోయినా ఇచ్చినది నిలబడడం మన కళ్ళెదుటే ఉంది.

ఆ తర్వాత నేను అడిగే మాట మారిపోయింది. "మీ తర్వాత" అనడం మానేశాను. "మీ అమ్మానాన్నల పేరున ఏదైనా చెయ్యాలని ఉందా?" అని అడగడం మొదలుపెట్టాను. ఆ మాటతో తలుపులు తెరుచుకున్నాయి. తన చావు గురించి మాట్లాడని మనిషి అమ్మ గురించి గంట మాట్లాడతాడు. ఆఖరి రోజుల్లో సరిగ్గా చూసుకోలేకపోయానన్న బాధ ఎంతమంది గుండెల్లో ఉందో నాకప్పుడే తెలిసింది. నేను వినేదాన్ని, అంతే. చాలాసార్లు డబ్బు మాట రాకుండానే లేచి వచ్చేసేదాన్ని.

లక్ష రూపాయలు మూలధనంగా ఇస్తే, బ్యాంకులో ఏడు శాతం వస్తే ఏడాదికి 7,000. తల్లిదండ్రుల తిథి ఉన్న వారమంతా మా నర్సు చేసే ఇళ్ళ సందర్శన వాళ్ళ పేరున. ఆ వారం ఎవరింటికి వెళ్ళిందీ పేర్లు లేకుండా, ఏ పని చేసిందీ ఒక ఉత్తరంలో రాసి పంపుతాము. ఆడిటర్ గారు చెప్పినట్టు, ఇది మూలధనం కోసమేనని దాత చేతిరాతతో ఉత్తరం తీసుకుంటాము. ఆ డబ్బు విడిగా డిపాజిట్ చేసి విడిగా లెక్క చూపిస్తాము.

"శాశ్వత" అన్న మాట దగ్గర మాత్రం నేను పట్టుబట్టాను. చిన్నప్పుడు మా ఊరి గుళ్ళో గోడ మీద నల్లరాతి పలకలు ఉండేవి, ఫలానావారి శాశ్వత పూజకి 116 రూపాయలు అని. ఆ 116 మీద వచ్చే వడ్డీతో ఇప్పుడు ఒక కొబ్బరికాయ కూడా రాదు. మాట ఇచ్చి నిలబెట్టుకోలేని పని చెయ్యకూడదు. అందుకని మాది పాతికేళ్ళ మాట అని రాశాము. వడ్డీలో నాలుగో వంతు తిరిగి అసల్లో కలుపుతాము, ధరలు పెరిగినా కొంతైనా తట్టుకోవాలని. మా ఏడాది ఆదాయం మొత్తం మీద 15 శాతం వరకు ఖర్చు పెట్టకుండా ఉంచుకోవచ్చు కాబట్టి అది చట్టానికి లోబడే ఉంది. ఒకరిద్దరు సభ్యులకి ఇది నచ్చలేదు. శాశ్వతం అంటేనే జనం ఇస్తారన్నారు. నిజమే, కొందరు పాతికేళ్ళు విని వెనక్కి తగ్గారు కూడా. ఉండేవాళ్ళు ఉన్నారు.

బిట్రగుంటలో రైల్వే పెన్షనరు ఒకాయన, భార్య పోయి నాలుగేళ్ళు, పిల్లల్లేరు. తన ఫిక్స్‌డ్ డిపాజిట్‌కి మా సంస్థని నామినీగా పెడతానన్నాడు. ఇద్దరం బ్యాంకుకి వెళ్ళాం. నామినీగా మనిషి పేరే ఉండాలి, సంఘాల పేరూ ట్రస్టుల పేరూ కుదరదన్నారు. "అయితే నీ పేరు పెడతాలేమ్మా" అన్నాడాయన. వద్దని గట్టిగా చెప్పాను. నామినీ అంటే డబ్బు అందుకునే చెయ్యి మాత్రమే, హక్కు వారసులదే. నా పేరుంటే రేపు వాళ్ళ అన్న పిల్లలకీ నాకూ తగాదా, నేనే పోతే మా పిల్లలకీ వాళ్ళకీ తగాదా. విల్లులో రాయండి, నామినీగా మీ అన్న కొడుకునే పెట్టి ఆయనకి విల్లు సంగతి చెప్పండి అన్నాను. ఆ అన్న కొడుకే ఒక ఆదివారం వచ్చి మా ఆఫీసు చూసి వెళ్ళాడు. మందుల అలమర తెరిచి చూశాడు, రోగుల రిజిస్టర్ చూశాడు. "బాబాయి ఎందుకంటున్నాడో అర్థమైంది" అన్నాడు.

కొన్ని కుదరలేదు. అమెరికాలో స్థిరపడ్డ ఒకమ్మాయి వాళ్ళ అమ్మ పేరున పెద్ద మొత్తం పంపుతానంది. ఆమెకి ఇప్పుడు అక్కడి పౌరసత్వం. ఇండియన్ పాస్‌పోర్టుతో విదేశంలో ఉన్నవాళ్ళ డబ్బు తీసుకోవచ్చుగానీ, అక్కడి పౌరులైనవాళ్ళది విదేశీ విరాళం కింద లెక్క. దానికి విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి ఉండాలి, మాకు లేదు. ఆమెకి విడమరిచి చెప్పి వద్దన్నాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, నిజం చెప్తున్నాను. ఇంకొకరు ప్రభుత్వం పేదలకిచ్చిన డీకేటీ పట్టా భూమి రాస్తామన్నారు, ఆ భూముల బదిలీకి ఉండే ఆంక్షలు తెలిసి దాని జోలికి వెళ్ళలేదు.

విల్లు రాయించిన మొదటి మనిషి ఒక టీచరమ్మ. ఎలిమెంటరీ స్కూల్లో ముప్ఫయ్యేళ్ళు పనిచేసింది, పెళ్ళి చేసుకోలేదు. వాళ్ళమ్మని ఆఖరి ఎనిమిది నెలలు మా నర్సు చూసింది. తల్లి పోయి రెండేళ్ళు దాటాక ఆమెనే అడిగాను, అమ్మ పేరున ఏమైనా చెయ్యాలనుందా అని. ఆమె వెంటనే ఏమీ అనలేదు. లోపలికెళ్ళి ఒక మరచెంబు తెచ్చి చూపించింది. వాళ్ళమ్మ ఆఖర్న నీళ్ళు తాగిన చెంబు, మూతికి స్పూను ఆనించి ఆనించి అంచు మీద సన్నటి గీతలు. "మీ పిల్ల రోజూ వచ్చి ఈ చెంబుతోనే తాగించేది" అంది.

విల్లు రాసేటప్పుడు మేమెవరం లేము. నియమం ప్రకారం దూరంగానే ఉన్నాం. కానీ ముసాయిదా చూడమని ఆమె నాకు పంపినప్పుడు ఒక తప్పు కనబడింది. సంస్థ పేరుకి బదులు లేఖరి మా అధ్యక్షుడి పేరు రాశాడు, ఊళ్ళో అందరూ "ఆయన ఆఫీసు" అనే అంటారు కదా. అదే రిజిస్టరైతే ఆ డబ్బు ఆయన సొంతమని రేపు ఎవరైనా వాదించొచ్చు. అప్పటి నుంచి మా రిజిస్టర్డ్ పేరు, సొసైటీ నంబరు, పాన్ నంబరు, చిరునామా ఒక చిన్న కార్డు మీద అచ్చు వేయించి అడిగినవాళ్ళకి ఇస్తున్నాము. వంద మాటల కరపత్రం కంటే ఈ నాలుగు లైన్ల కార్డే ఎక్కువ పనికొచ్చింది. ఆమె సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుకి చెల్లెలి కూతుర్ని వెంట పెట్టుకుని వెళ్ళింది. సాక్షులు వాళ్ళ స్కూల్లోని ఇద్దరు కుర్ర టీచర్లు.

ఇప్పుడు నీలం పుస్తకంలో చివరి పేజీలు వేరు చేశాను. మూలధనం ఇచ్చినవాళ్ళవి సిరాతో. విల్లులో రాశామని చెప్పినవాళ్ళవి పెన్సిల్‌తో, ఏడుగురివి. అది మా డబ్బు కాదు, బడ్జెట్‌లో చూపించము, దాని మీద ఆశపెట్టుకుని ఇంకో నర్సుని తీసుకోము.

మొన్న సంక్రాంతి వెళ్ళిన వారానికి టీచరమ్మ ఆఫీసుకొచ్చింది. కుర్చీలో కూర్చుని చీర కొంగు వేలికి చుట్టుకుంటా ఉంది. చాలాసేపటికి నోరు విప్పింది. "చెల్లెలి మనవరాలికి నర్సింగ్‌లో సీటొచ్చిందమ్మా. వాళ్ళ నాన్నకి రొయ్యల గుంటలో నష్టమొచ్చింది. విల్లు మళ్ళీ రాయించాను, మీది సగానికి తగ్గించాను. నీకు చెప్పకుండా ఉండలేకపోయినా."

కాఫీ తెప్పించాను. ఆ పిల్ల ఏ కాలేజీలో చేరిందో, హాస్టల్ ఎలా ఉందో అడిగాను. సెలవులకి వచ్చినప్పుడు ఒకసారి మా నర్సులతో ఇళ్ళకి తిప్పండి, పని చూస్తుంది అన్నాను. ఆమె మొహం తేటపడింది. తర్వాత బీరువాలోంచి పుస్తకం తీసి, ఆమె చూస్తుండగానే రబ్బరుతో పాత అంకె తుడిచి కొత్తది వేశాను.